గుండమ్మగారిని మళ్ళీ చూశాను



ఇవాళ ఒక సినిమా గురించి మాట్లాడుకుందాం. కొత్తది కాదు లెండి, అరవయ్యేళ్ళు దాటిన సినిమా. 1962 జూన్ 7న విడుదలైన ‘గుండమ్మ కథ’. ఈ సినిమా చూడనివాళ్ళు మనలో ఉంటే ఉండవచ్చుగాని, గుండమ్మ ఎవరో తెలియనివాళ్ళు మాత్రం ఉండరు. ఇంట్లో ఏ ఆడమనిషైనా కాస్త గొంతు పెంచిందంటే చాలు, “అబ్బో, గుండమ్మగారు లేచారు” అంటారు. ఒక పాత్ర పేరు తిట్టుగానూ, ముద్దుపేరుగానూ కూడా నిలబడిపోవడం అంత తేలికగా జరిగే పని కాదు.

నేను గుండమ్మను చూడడానికంటే ముందు విన్నాను. ఆదివారాలు రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వేసేవాళ్ళు కదా, అందులో. బొమ్మ లేదు, గొంతు ఒక్కటే. ఆ గొంతు వింటే మా కొత్తపట్నంలో సగం మంది ఆడవాళ్ళ గొంతులు గుర్తొచ్చేవి. తర్వాత ఎనభైల చివర్లో పండగపూట వీధిలో టీవీ, వీడియో అద్దెకు తెచ్చి రాత్రి మూడేసి సినిమాలు వేసే రోజులు వచ్చాయి. అదిగో, అప్పుడు చూశాను. మగవాళ్ళు మొదటి సినిమాకు దెబ్బలాటల సినిమా పెట్టుకునేవాళ్ళు. రెండోది ఆడవాళ్ళ వంతు. రెండోది ఎప్పుడూ ఇదే. సముద్రపు గాలికి టీవీ మీద కప్పిన దుప్పటి ఎగిరిపోతుంటే, చాపల మీద పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో మళ్ళీ పెట్టాం. మా అత్తయ్య, ఇంటర్ చదివే మా అమ్మాయి, నేను. చిన్నప్పుడు ప్రాణమైన సినిమాను మళ్ళీ చూడాలంటే నాకు కాస్త జంకే. అప్పుడు నవ్విన చోట ఇప్పుడు నవ్వు రాకపోతే ఎట్లా? వచ్చింది. అయితే అప్పుడు నవ్వని చోట కూడా వచ్చింది, అప్పుడు బాగా నవ్విన రెండు మూడు చోట్ల ఆగిపోయింది. ఆ సంగతే చెబుదామని కూర్చున్నాను.

ముందు కథ గుర్తు చేస్తాను. గుండమ్మ కలిగిన ఇంటి వితంతువు. సవతి కూతురు లక్ష్మి చేత ఇంటెడు చాకిరీ చేయిస్తుంది. సొంత కూతురు సరోజను నెత్తిన పెట్టుకుంటుంది. ప్రభాకర్ అని ఒక కొడుకు. జమీందారు వెంకట్రామయ్యగారి ఇద్దరు కొడుకులు వేషం మార్చుకుని ఈ ఇంట్లో దూరతారు. పెద్దవాడు అంజి అనే పనివాడుగా వచ్చి లక్ష్మిని చేసుకుంటాడు. చిన్నవాడు రాజా సరోజను చేసుకుని, తను ఏమీ లేనివాడినని నమ్మించి, ఆమె పొగరు దించుతాడు. లక్ష్మి సావిత్రి, సరోజ జమున, అంజి రామారావు, రాజా నాగేశ్వరరావు, జమీందారు రంగారావు. గుండమ్మ ఎవరో చెప్పక్కరలేదు.

ఇద్దరు పెద్ద హీరోలు, ఇద్దరు పెద్ద హీరోయిన్లు, పైన రంగారావు. ఇంతమందిని పెట్టుకుని సినిమాకు పేరు మాత్రం సూర్యకాంతం పాత్రది పెట్టారు విజయావారు. టైటిల్స్‌లో ఎవరి పేరు ముందు అనే పేచీ లేకుండా తారల బొమ్మలు చూపించి ఊరుకున్నారు. రామారావుకు ఇది నూరో సినిమా. నూరో సినిమాలో ఆయన మోకాళ్ళ దాకా నిక్కరు తొడుక్కుని, పనివాడి వేషం కట్టి, అత్తగారి పేరున్న సినిమాలో నటించాడంటే, ఇప్పటి పిల్లలకు నమ్మశక్యంగా ఉండదు.

కథకు మూలం కన్నడంలో ఉంది. 1958లో విఠలాచార్యగారు తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’. గుండమ్మ అన్న పేరు కూడా అక్కడిదే. మన వైపు ఆ పేరు ఎవరికీ ఉండదు, అయినా అచ్చ తెలుగు పేరైపోయింది. దాన్ని మన ఇంటి కథగా మార్చినవాళ్ళు ఎవరో చూడండి. నిర్మాతల్లో నాగిరెడ్డిగారి జోడీ అయిన చక్రపాణిగారు తెనాలి మనిషి. శరత్ నవలలను తెలుగులోకి తెచ్చిందీ, చందమామను నడిపిందీ ఆయనే. మాటలు రాసిన డి.వి. నరసరాజుగారు గుంటూరు జిల్లావారు. సావిత్రిది తాడేపల్లి దగ్గర చిర్రావూరు. జమున పెరిగింది దుగ్గిరాలలో. ఘంటయ్య వేషం వేసిన రమణారెడ్డిది నెల్లూరు జిల్లా. 1970 దాకా మన ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోదే కాబట్టి, ఇది మన పక్కింటివాళ్ళు తీసిన సినిమా అనుకోవచ్చు. దర్శకుడు కమలాకర కామేశ్వరరావుగారు మాత్రం పురాణ చిత్రాలకు పేరుపడ్డ మనిషి. మరుసటి ఏడే ‘నర్తనశాల’ తీశారు. అంతటివాడు వంటిల్లూ పెరడూ చూపించడానికి ఒప్పుకోవడం మన అదృష్టం.

ఇంతకీ నవ్వు ఎక్కడినుంచి వస్తుంది? కథ ఆపి, ఇద్దరు హాస్యగాళ్ళను తెచ్చి, పదినిమిషాలు గంతులు వేయించి పంపేసే పద్ధతి కాదు ఇందులో. కథలోని మనుషులే నవ్విస్తారు. రహస్యం మనకు ముందే చెప్పేస్తారు. అంజి పనివాడు కాదు, జమీందారు కొడుకు అని మనకు తెలుసు. గుండమ్మకు తెలియదు. ఆమె వాణ్ణి ‘ఒరేయ్’ అన్నప్పుడల్లా మనకు లోపల గిలిగింత. వాడు వినయంగా తలవంచినప్పుడల్లా మరీను. మాటలో చమత్కారం లేకపోయినా ఫరవాలేదు, తెలియనితనమే చమత్కారం. మన ఇళ్ళల్లో పెళ్ళిచూపుల కబుర్లు తర్వాత చెప్పుకుని నవ్వుకోవడం లేదూ, అట్లాంటిదే.

ఇక సూర్యకాంతం. ఆమె ఎక్కడా నవ్వించాలని నటించదు. ఆమెకు అన్నీ నిజమే. పాలలో నీళ్ళైనా, బజారులో పోయిన డబ్బైనా, పెళ్ళిసంబంధమైనా ప్రాణం మీదికి వచ్చినంత పట్టుదల. ఎడం చెయ్యి గాలిలో తిప్పుతూ మాట్లాడుతుంటే ఎదుటివాడికి జవాబు చెప్పే సందు ఉండదు. ఇక్కడ మా అమ్మాయికి ఒక లెక్క చెబితే నమ్మలేదు. సూర్యకాంతం పుట్టింది 1924 అక్టోబరులో. రామారావు పుట్టింది 1923 మేలో. అంటే అత్తగారు అల్లుడికంటే ఏడాదిన్నర చిన్నది! సినిమా నాటికి ఆమెకు నలభై కూడా నిండలేదు. “నీకంటే చిన్నదా అమ్మా?” అని నావైపు తేరిపార చూసింది. ఆ చూపు నాకేమీ నచ్చలేదనుకోండి.

సినిమాలో రుబ్బురోలు దగ్గర ఒక పాట ఉంది, మీకు గుర్తుండే ఉంటుంది. అంజి పిండి రుబ్బుతూ పాడతాడు. ఆడవాళ్ళు పంచాయితీల్లోకి వచ్చారనీ, ఉద్యోగాలు చేస్తున్నారనీ, చట్టసభల సీట్లకు పోటీ పడుతున్నారనీ ఆ పాట భావం. ఆంధ్రదేశంలో పంచాయతీరాజ్ మొదలైంది 1959లో కనుక అప్పటికి అది వేడివేడి సంగతే. కొంత మెచ్చుకోలు, కొంత ఎగతాళి. మా అమ్మాయికి పాటకంటే రోలు వింతగా ఉంది. గ్రైండరు తప్ప ఎరగని పిల్ల. అందుకని చెప్పాల్సి వచ్చింది. కింద గుంట ఉన్న పెద్దరాయి కదలదు. గుంటలో పొత్రం. కుడిచేత్తో పొత్రాన్ని తిప్పుతూ ఉండాలి, ఎడంచేత్తో అంచుకు వచ్చిన పిండిని లోపలికి తోస్తూ ఉండాలి. చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే వేళ్ళు నలుగుతాయి. మినప్పప్పు పొంగేదాకా నీళ్ళు చిలకరిస్తూ తిప్పాలి. పెద్ద సంసారంలో మర్నాటి దోసెలకు గంట పని. లేచేసరికి భుజం మనది కాదు.

మా అత్తయ్య ఈ సినిమాను ఒంగోలులో హాల్లో చూసింది, పద్నాలుగేళ్ళ వయసులో. ఆ పాట రాగానే హాలంతా గొల్లుమన్నదట.

“దేనికి నవ్వారత్తయ్యా అంతగా, పాటకా?” అన్నాను.

“పాట ఎవరు విన్నారమ్మాయ్? మగాడు రోటిముందు కూర్చున్నాడని నవ్వాం. అంతే. మీ మావయ్యగారు ఒక్కనాడు ఆ రాయి ముట్టుకున్న పాపాన పోలేదు.”

చూశారా, ఆడవాళ్ళు చట్టసభకు వెళ్ళడం వింత అని పాట నవ్విస్తుంటే, మగవాడు రుబ్బడం వింత అని ఆడవాళ్ళు నవ్వుకున్నారు. ఒకే పాటకు రెండు నవ్వులు. తర్వాత జరిగింది ఇంకా చిత్రం. ఆ సినిమాలో ముద్దుల కూతురుగా కాలు కిందపెట్టని జమున 1989లో రాజమండ్రి నుంచి గెలిచి లోకసభలో కూర్చుంది. పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు ఆడవాళ్ళకు ఇస్తూ 1992లో రాజ్యాంగ సవరణ పాసయింది. చట్టసభల్లో మూడోవంతు ఇచ్చే సవరణ 2023లో పాసయింది. ఆ ఏడాది జనవరిలోనే జమున కన్నుమూసింది. రుబ్బురోళ్ళు మాత్రం పెరట్లో బోర్లాపడి, చెట్టుకింద కూర్చునే పీటలయ్యాయి.

ఇప్పుడు నాకు నవ్వు ఆగిపోయిన చోటు చెబుతాను. సినిమా మొదటి సగంలో లక్ష్మి అంట్లు తోముతుంది, వండుతుంది, రుబ్బుతుంది. అది చూసి మనం అయ్యో పాపం అంటాం. ఆ పని ఆమెకు శిక్ష. రెండో సగంలో రాజా సరోజను పేదరికంలోకి తీసుకుపోయి, తోటపనికి పెట్టి, చేతులు కాయలు కాయిస్తాడు. అది చూసి తగిన శాస్తి అంటాం. అక్కడ అదే పని పాఠం. పని ఒక్కటే! ఒక ఆడపిల్ల చేస్తే అన్యాయం, ఇంకో ఆడపిల్ల చేస్తే బుద్ధి రావడం. చిన్నప్పుడు ఈ రెండూ నాకు వేరువేరు కథలుగా కనిపించేవి. మా అమ్మాయి ఒక్కసారి చూసి అడిగేసింది: “అతను తన ఆస్తి సంగతి దాచిపెట్టి ఆమెను ఏడిపించడం మోసం కాదా అమ్మా?”

మోసమే. షేక్‌స్పియర్ ‘ది టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ అని ఒక నాటకం రాశాడు, గయ్యాళి పిల్లను మొగుడు తిండీ నిద్రా లేకుండా చేసి దారికి తెచ్చే కథ. రాజా, సరోజల భాగానికి దానితో పోలిక ఉందని చాలామంది అన్నారు. నాలుగు వందల ఏళ్ళుగా జనం దానికి నవ్వుతూనే ఉన్నారు, నాలుగు వందల ఏళ్ళుగా ఎవరో ఒక ఆడపిల్ల ఈ ప్రశ్న అడుగుతూనే ఉండి ఉంటుంది. మన సినిమాలో ఒక తేడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. రాజా ఒడ్డున కూర్చుని ఆమెను ఒక్కదాన్నీ కష్టపెట్టడు. తనూ ఆ తోటలో మట్టి మోస్తాడు. అక్కడ అంజి రుబ్బినట్టే. అందుకే నాగేశ్వరరావు మీద కోపం పూర్తిగా రాదు. పూర్తిగా పోనూపోదు. మా అమ్మాయి మాత్రం క్షమించలేదు. క్షమించమని నేనూ చెప్పలేదు.

గుండమ్మ దగ్గరికి వద్దాం. చిన్నప్పుడు ఆమె నోరే కనిపించేది. ఈసారి ఆమె పక్కన ఎవరున్నారని చూశాను. భర్త లేడు. కొడుకు లోకం తెలియనివాడు. పక్కన చేరిన ఘంటయ్యకు ఈ ఇంటి ఆస్తి మీద కన్ను. జైలుకు వెళ్ళొచ్చిన తన కొడుక్కి సరోజను కట్టబెట్టి, అంతా మింగేయాలని చూస్తుంటాడు. వచ్చే ప్రతివాడికీ ఏదో ఒక ఎత్తు ఉంది. మంచివాళ్ళు కూడా వేషాలు వేసుకునే వచ్చారు. ఆ ఇంట్లో వేషం వేయని మనిషి గుండమ్మ ఒక్కతే. లక్ష్మి విషయంలో ఆమె చేసింది దుర్మార్గమే, దాన్ని నేను వెనకేసుకు రావడంలేదు. కాని ఆ నోరు లేకపోతే ఆ ఇల్లు ఏనాడో ఘంటయ్య పాలయ్యేది.

మా చిన్నప్పుడు మా వీధిలో ఒకావిడ ఉండేది. ఇద్దరు ఆడపిల్లల తల్లి, చిన్నతనంలోనే భర్త పోయాడు. బొడ్లో తాళాలగుత్తి, చేతిలో వేపపుల్ల. పిల్లలంతా ఆమెను గుండమ్మ అనేవాళ్ళు. బంతి ఆవిడ వాకిట్లో పడితే తీసుకురావడానికి వంతులు వేసుకునేవాళ్ళం. ఆవిడకు ఊరిబయట మూడెకరాల నల్లరేగడి ఉండేది. అందులో మిరప వేయించేది. కూలీల లెక్క దగ్గర, కాటా దగ్గర, ఎరువుల కొట్టు దగ్గర, ఎక్కడైనా ఆ గొంతే. ఆ పొలం మీద ఆవిడ బావగార్లకు, మరుదులకు కన్నుండేదని మా అమ్మ చెప్పేది. “ఆడదానికి పొలమెందుకు, నెలకింత గింజలు పోస్తాం, సంతకం పెట్టు” అని పెద్దమనుషులను పంపేవాళ్ళట. ఆవిడ వాళ్ళను వీధిలో నిలబెట్టి తిట్టేది. ఆ తిట్లే ఆవిడ పొలానికి కంచె.

ఇక్కడ చట్టం సంగతి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఇది ఇప్పటికీ మనలో చాలామందికి తెలియదు. 1937 చట్టం వితంతువుకు భర్త ఆస్తిలో బతికున్నంతకాలం అనుభవించే హక్కు మాత్రమే ఇచ్చింది. అమ్ముకునేందుకూ, రాసిచ్చేందుకూ లేదు. 1956 జూన్‌లో హిందూ వారసత్వ చట్టం వచ్చి ఆ హక్కును సంపూర్ణం చేసింది. ఆ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన భర్త స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటాలు. కూతురు అంటే మొదటి భార్య కూతురైనా కూతురే. దీన్ని గుండమ్మ ఇంటికి పెట్టి చూడండి. ఆ ఇల్లు ఆమె భర్త స్వార్జితమనీ, ఆయన ఆ చట్టం వచ్చాక వీలునామా లేకుండా పోయాడనీ అనుకుంటే, గుండమ్మకు పావు, లక్ష్మికి పావు, సరోజకు పావు, ప్రభాకర్‌కు పావు. పెరట్లో అంట్లు తోముతున్న పిల్లది ఆ ఇంట్లో నాలుగోవంతు! ఆ మాట ఎవరైనా ఆమె చెవిన వేసి ఉంటే అంజితో పనేముంది? కథేముంది?

పూర్వీకుల ఆస్తి సంగతి వేరు. అందులో పుట్టుకతో వచ్చే వాటా మగపిల్లలకే ఉండేది. దాన్ని ఆడపిల్లలకు కూడా ఇచ్చిన చట్టం మన రాష్ట్రంలో 1986లో వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అప్పుడు ముఖ్యమంత్రి ఎవరో గుర్తుందా? రోటిముందు కూర్చున్న అంజే. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకు ఆ వాటా లేదన్నారు. ఆ తేడాను 2005లో కేంద్ర సవరణ తీసేసింది. తీసేసినా, 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను కదపడానికి వీల్లేదు. మా అత్తయ్యకు పెళ్ళయింది 1967లో. పుట్టింటివారి పంపకం 1990లో రిజిస్టరయిపోయింది. రెండు చట్టాలూ ఆవిడను అటూ ఇటూ ఒరుసుకుంటూ పోయాయి. నేను ఇదంతా వివరిస్తుంటే ఆవిడ, “పోనీలే, సినిమా చూడనివ్వు” అన్నది.

ఆవిడ చూస్తానన్నది ఛాయాదేవి వచ్చే భాగం. ప్రభాకర్ పెళ్ళాం మేనత్త దుర్గమ్మ ఈ ఇంట్లో చేరి పెత్తనం లాక్కుంటుంది. గయ్యాళి మీదికి ఇంకో గయ్యాళి. మా చిన్నప్పుడు వీధి వీధంతా చప్పట్లు కొట్టింది ఇక్కడే. ఈసారి మా గదిలో చప్పుడు లేదు. గుండమ్మ తన ఇంట్లో తనే బిక్కుబిక్కుమంటూ ఉంటే సూర్యకాంతం ముఖం చూడండి. ఆ గొంతు ఏమైంది, ఆ ఎడంచెయ్యి ఏమైంది? అంతసేపు నవ్వించిన మనిషి మాట్లాడకుండా మనల్ని ఏడిపిస్తుంది. ఆఖరికి ఆమెను విడిపించడానికి వచ్చేది సొంత కూతురు కాదు, లక్ష్మి. నోరెత్తని పిల్ల అప్పుడు దుర్గమ్మ మీద నోరు చేస్తుంది, చెయ్యీ చేసుకుంటుంది. సావిత్రి ఆ ఒక్క సీనులో సూర్యకాంతం గొంతు తెచ్చుకుంటుంది. నాకు సినిమా మొత్తంలో అన్నిటికంటే నచ్చింది అదే. లక్ష్మి కూడా ఎవరి దగ్గర నేర్చుకుంది మరి? ఇరవయ్యేళ్ళు ఆ గొంతు వింటూనే కదా పెరిగింది.

సూర్యకాంతం 1994లో పోయింది. ఆమె పేరు ఆడపిల్లలకు పెట్టుకోవడానికి తెలుగువాళ్ళు భయపడ్డారని ఒక మాట ఉంది. చక్కని పేరు పాడుచేసిందని ఆమె మీద సరదాగా నింద వేసేవాళ్ళు. షూటింగులకు ఇంటినుంచి క్యారియర్ల నిండా వంటలు తెచ్చి అందరికీ వడ్డించేదని ఆమెతో పనిచేసినవాళ్ళు ఎంతమందో చెప్పుకున్నారు.

మా వీధి ఆవిడ కూడా కొన్నేళ్ళ కిందట పోయింది. తొంభై దగ్గరపడ్డ మనిషి. ఆఖరుదాకా తాళాలగుత్తి బొడ్లోనే ఉంది. దినాలు అయ్యాక కాగితాలు తీసి చూస్తే మూడెకరాలూ ఆవిడ పేరునే ఉన్నాయి, సెంటు తగ్గలేదు. ఇద్దరు కూతుళ్ళకూ చెరిసగం రాసి, రిజిస్టరు చేయించి పెట్టింది. పిల్లల్లో పెద్దమ్మాయి ఆవిడ కన్నబిడ్డ కాదని, భర్త మొదటి భార్య కూతురని మాకు అప్పుడే తెలిసింది.